రంగంలో ఇద్దరు: చెట్టియారూ, కోరంగీ

రంగం వెళ్లిన చెట్టియార్లు తిరిగివచ్చి కారైక్కుడి చుట్టుపక్కల బర్మా టేకు స్తంభాలతో మేడలు కట్టారు. రంగం వెళ్లిన మనవాళ్లు మూటలు మోసి, ఒళ్లు గుల్ల చేసుకుని, వెళ్లినప్పటి అప్పుతోనే తిరిగివచ్చారు. తమిళనాట మన సంఘాల సభల్లోనూ, వార్షిక సంచికల్లోనూ తరచుగా వినిపించే పోలిక ఇది. పోలిక చెప్పి ఊరుకుంటే పేచీ లేదు. దాని వెనకే తీర్పు కూడా వస్తుంది: వాళ్లకు పొదుపు ఉంది, మనకు లేదు, వాళ్లది కట్టుబాటు, మనది ఎవరికి వారే యమునాతీరే, వాళ్లు లెక్క రాసుకున్నారు, మనవాళ్లు తాగి తగలేశారు. మనల్ని మనం తిట్టుకోవడంలో కూడా ఒక సుఖం ఉంది గనక ఈ తీర్పును నిలదీసి అడిగేవారు తక్కువ. దాన్ని కాస్త నిలదీయడమే ఈ వ్యాసం పని.

ముందుగా ఈ ఇద్దరూ ఎవరో చూద్దాం. ఉత్తరాంధ్రలోనూ గంజాంలోనూ పెద్దవాళ్ల నోట రంగూను ‘రంగం’ అయింది. రంగం వెళ్లిన తెలుగువాడు అక్కడ ‘కోరంగి’ అయ్యాడు. గోదావరి ముఖద్వారంలో, యానాం పక్కనున్న కోరంగి రేవు పేరే అది. 1839 నవంబరు తుపానులో ఆ రేవు సర్వనాశనమైంది. ఆ తర్వాత ఓడలు కాకినాడ నుంచి, విశాఖపట్నం, భీమునిపట్నం, కళింగపట్నాల నుంచి, ఇప్పుడు ఒడిశాలో ఉన్న గోపాల్‌పూర్ నుంచి బయలుదేరాయి. అయినా పోయిన రేవు పేరే మనుషులకు అంటుకుని మిగిలింది. బర్మాలో ఆ మాట గౌరవవాచకం కాదు. కూలీవాడు, మూటలవాడు, పాకీపనివాడు అనే అర్థాలు దానికి పట్టేశాయి.

రెండోవాడు నాట్టుక్కోట్టై చెట్టియారు. రామనాథపురం, పుదుక్కోట్టై ప్రాంతపు కొన్ని పదుల గ్రామాలవాడు. ఇక్కడే పోలికలో మొదటి లొసుగు కనిపిస్తుంది. చెట్టియారును ‘తమిళుల’కు ప్రతినిధిగా, కోరంగిని ‘తెలుగువాళ్ల’కు ప్రతినిధిగా నిలబెడుతున్నాం. చెట్టియార్లు ఒక చిన్న కులం. బర్మాలో వారి సంఖ్య ఏ కాలంలోనూ కొన్ని వేలకు మించలేదు. వారు కాక బర్మాలో ఎందరో తమిళులు డెల్టా పొలాల్లో కూలిపని చేశారు. వారికి కారైక్కుడి మేడలు రాలేదు. అటు తెలుగువాళ్లు 1931 జనాభా లెక్కల నాటికి లక్షన్నర పైచిలుకు. వారిలో వ్యాపారులూ ఉన్నారు, గుమాస్తాలూ ఉన్నారు, కూలీలను సరఫరా చేసి బాగా గడించిన మేస్త్రీలూ ఉన్నారు. తమిళుల్లో అందరికంటె పైవాడినీ తెలుగువాళ్లలో అందరికంటె కిందివాడినీ ఎంచుకుని, ఇద్దరి మధ్య తేడా భాషలో ఉందనడం ఏపాటి న్యాయం? మన వార్షిక సంచికల వ్యాసకర్తలు ఈ మాట గమనించకపోవడం ఆశ్చర్యం.

సరే, లొసుగును పక్కన పెట్టి ఆ ఇద్దరినే చూద్దాం. ఓడ ఎక్కేటప్పుడు ఎవరి దగ్గర ఏముంది?

చెట్టియారు కొట్టుకు వెళ్లేవాడు సాధారణంగా యజమాని కాడు, ఏజెంటు. యజమాని ఊళ్లోనే ఉంటాడు. ఏజెంటుకు మూడేళ్ల గడువు. జీతంలో పెద్ద భాగం ముందే చేతికి అందుతుంది. చిన్నతనం నుంచే ఏదో ఒక కొట్టులో కూర్చుని లెక్కలు నేర్చుకుని ఉంటాడు. రంగూనులో దిగగానే మొగలు వీధిలో తనవాళ్ల కొట్లున్నాయి, తనవాళ్ల గుడి ఉంది. ఆ గుడిలో సమావేశమై, తమలో తాము ఇచ్చిపుచ్చుకునే డబ్బుకు ఆ నెలకు నడిచే వడ్డీ రేటు నిర్ణయించుకునేవారు. ఒక కొట్టులో రొక్కం తక్కువైతే పక్క కొట్టు సర్దేది. హుండీ కాగితం మీద రంగూను డబ్బు మద్రాసులోనూ, మద్రాసు డబ్బు పినాంగులోనూ చెల్లేది. ఆడపిల్లకు పుట్టింటివారిచ్చిన సొమ్ము, ‘ఆచ్చి పణం’, అదీ పెట్టుబడిలో కలిసేది. వారి వెనక ఇంపీరియల్ బ్యాంకు పరపతి ఉండేది. 1929-30లో బర్మా బ్యాంకింగ్ విచారణ సంఘం లెక్కవేసినప్పుడు ఆ దేశంలో చెట్టియారు కొట్లు సుమారు 1,650 అనీ, అవి తిప్పుతున్న డబ్బు సుమారు 75 కోట్ల రూపాయలనీ తేలింది. దీన్నంతటినీ ‘పొదుపు’ అనే ఒక్క మాటలో ఇమిడ్చి చెబితే అది చెట్టియార్లకే అవమానం. తరాల తరబడి కట్టుకొచ్చిన ఒక యంత్రాంగం అది.

కోరంగి దగ్గర ఉన్నదేమిటి? మేస్త్రీ ఇచ్చిన బయానా. విశాఖ, గోదావరి, గంజాం జిల్లాల్లో పంట పోయిన ఏడో, పెళ్లి చేసి అప్పుపడ్డ ఏడో మేస్త్రీ ఊళ్లోకి వస్తాడు. ఇంటివాళ్ల చేతిలో కొంత పెడతాడు, ఓడ చార్జీ తనే కడతాడు. అదంతా కూలీ పేరున అప్పుగా రాసుకుంటాడు. రంగూనులో కంపెనీ కూలి డబ్బు మేస్త్రీకిస్తుంది, మేస్త్రీ తన పాలు కోసుకుని మిగిలింది కూలీకిస్తాడు. పై మేస్త్రీ, కింది మేస్త్రీ, ముఠా మేస్త్రీ. ఎన్ని చేతులు మారితే అన్ని కోతలు. బయానా తీరే లోపల మరో బయానా. చెట్టియారు చేతిలో అప్పు ఆస్తిగా మారింది, కోరంగి మెడలో అదే అప్పు పలుపుతాడైంది.

దీనికి తోడు చట్టం చేసిన అన్యాయం ఒకటుంది. 1922 వలస చట్టం కింద మలయాకో సింహళానికో వెళ్లే కూలీకి పేరుకైనా కొంత రక్షణ ఉంది. బర్మా 1937 ఏప్రిల్ 1 దాకా ఇండియాలో ఒక రాష్ట్రమే. అంచేత రంగం వెళ్లడం చట్టం దృష్టిలో వలసే కాదు! సముద్రం దాటి, భాష తెలియని దేశంలో దిగినా అతడు స్వదేశంలో ఉన్నవాడి కిందే లెక్క. ఏడాదికి నాలుగు లక్షల పైచిలుకు మనుషులు రంగూను రేవులో దిగిన 1927 ప్రాంతాల్లో కూడా పరిస్థితి ఇదే.

వాళ్లు బతికిన తీరు విట్లీ అధ్యక్షతన వచ్చిన రాయల్ లేబర్ కమిషన్ దృష్టికీ వచ్చింది. ఒక గదిలో ఎందరు పడుకోవచ్చునో మునిసిపాలిటీ నియమం ఉండేది. ఆ గదిలో ఎందరు పడుకున్నారో వేరే కథ. పగలు డ్యూటీవాడు లేచిన చాపమీద రాత్రి డ్యూటీవాడు పడుకునేవాడు. ఆడవాళ్లు బహు తక్కువ. ‘తాగి తగలేశారు’ అనేవారు ఈ గదుల సంగతి కూడా చెబితే బాగుంటుంది.

అసలు విషయానికి వస్తాను. ఈ ఇద్దరినీ ఒకే పందెంలో పరుగెత్తిన ఇద్దరిగా చూడటమే తప్పని నా అభిప్రాయం. వాళ్లు ఒకే గొలుసుకు రెండు కొసలు. 1869లో సూయజ్ కాలువ తెరుచుకున్నాక ఐరోపాలో బర్మా బియ్యానికి గిరాకీ పెరిగింది. ఐరావతి డెల్టాలో అడవి నరికి పొలం చేయడానికి బర్మా రైతుకు డబ్బు కావాలి. ఆ డబ్బు చెట్టియారు ఇచ్చాడు. ఆ పొలం కోతకు వచ్చినప్పుడు కొడవలి పట్టిన కూలీ మద్రాసు రాజధాని నుంచి దిగినవాడు, తెలుగువాడో తమిళుడో. కోత అయిపోగానే ఆ కూలీల్లో చాలామంది రైసుమిల్లుకు మళ్లేవారు. మిల్లు ఆడించిన బియ్యం బస్తాను ఓడలోకి ఎక్కించింది కోరంగి భుజం. బియ్యం అమ్మిన డబ్బులోంచి రైతు చెట్టియారుకు వడ్డీ కట్టాడు. చెట్టియారు వడ్డీ గిట్టుబాటు కావాలంటే బియ్యం చౌకగా ఓడ ఎక్కాలి. బియ్యం చౌకగా ఎక్కాలంటే కోరంగి కూలి పెరగకూడదు. ఒకరి ఫలితం రెండోవారి ఫలితంలో ఇరుక్కుని ఉన్నప్పుడు ‘వాళ్లు పైకొచ్చారు, వీళ్లు రాలేదు’ అనే వాక్యానికి అర్థమేముంది? మైకేల్ ఆడాస్ 1974లో వెలువరించిన బర్మా డెల్టా చరిత్రలో ఈ గొలుసు లింకులన్నీ కనిపిస్తాయి. అంతకుముందే ఫర్నివాల్ అనే దొర, బర్మాలో ఉద్యోగం చేసి ఆ ప్రజలను దగ్గరగా చూసినవాడు, ఇటువంటి సమాజంలో జాతులు కలిసినా కలవవనీ, బజారులో తప్ప వాటికి మరో సంబంధం ఉండదనీ సిద్ధాంతం చేశాడు. అది బర్మీయులూ భారతీయులూ మధ్య సంబంధానికే కాదు, భారతీయుల మధ్య సంబంధానికీ అంతే వర్తిస్తుంది. చెట్టియారూ కోరంగీ ఒకే మద్రాసు రాజధాని నుంచి వెళ్లి, ఒకే ఊళ్లో నివసించి, బజారులో కూడా ఎదురుపడ్డది అరుదే.

1930 వచ్చింది. మే 5న పెగూలో పెద్ద భూకంపం; అదే రోజున ఇక్కడ గాంధీగారి అరెస్టు. ఆ నెలలోనే రంగూను రేవులో తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె కట్టారు. ఐకమత్యం లేదని ఎవరిని అంటున్నామో వాళ్లే, బయానాల కింద నలుగుతున్నవాళ్లే కట్టిన సమ్మె అది. కంపెనీలు బర్మా కూలీలను పెట్టుకుని పని నడిపించాయి. తర్వాత తెలుగువాళ్లతో రాజీ కుదిరింది. మే 26న ఎప్పటిలాగే పనికి వచ్చిన బర్మా కూలీలకు, ఇక మీ అవసరం లేదన్నారు. అక్కడ మొదలైన కొట్లాట ఊరంతా పాకింది. రోజుల తరబడి తెలుగువాళ్లను వెతికి వెతికి చంపారు. నూరుమందికి పైగా పోయారు, గాయపడ్డవారు వందల్లో. అప్పుడు రంగూను జిల్లా మేజిస్ట్రేటుగా ఉన్న మారిస్ కాలిస్ 1938లో అచ్చువేసిన తన జ్ఞాపకాల్లో ఈ రోజులను వర్ణించాడు. దొర అయినా తనవాళ్ల తప్పు దాచని మనిషి. అయితే అతని పుస్తకంలో కూడా కోరంగి ఒక గుంపు. గుంపులోంచి ఒక్క ముఖం మనవైపు తిరగదు.

అదే ఏడాది ధాన్యం ధర కుప్పకూలింది. రైతులు బాకీ కట్టలేకపోయారు. తాకట్టు భూములు ఒక్కొక్కటిగా చెట్టియార్ల పేరు మీదికి వచ్చాయి. దక్షిణ బర్మాలోని 13 ప్రధాన వరి జిల్లాల్లో 1930లో చెట్టియార్ల చేతిలో ఉన్న భూమి నూటికి 6 పాళ్లు; 1937 నాటికి నూటికి 25 పాళ్లు, అంటే 24 లక్షల పైచిలుకు ఎకరాలు. ఇది చూసి మనవాళ్లు ‘అబ్బ, ఎంత సంపాదించారు!’ అంటారు. వడ్డీ వ్యాపారి పుస్తకంలో భూమి చేరడం లాభం కాదు, మునిగిన బాకీ. డబ్బుగా తిరగవలసినది మట్టిగా గడ్డకట్టింది. దానితో పాటు ఆ దేశంలోని రైతుల పగ కూడా జమ అయింది. 1930 చివర లేచిన సాయాసాన్ తిరుగుబాటులో పల్లెల్లో భారతీయులు కూడా దెబ్బతిన్నారు. షాన్ టర్నెల్ అనే ఆర్థికవేత్త 2009 నాటి పుస్తకంలో చెట్టియార్లను రక్తం తాగిన రాక్షసులుగా చిత్రించడం సరికాదని వాదించాడు. బర్మాలోని ఇతర వడ్డీ వ్యాపారుల కంటె వారి వడ్డీ తక్కువన్న సంగతి విచారణ సంఘానికీ తెలుసు. ఆ వాదం చాలావరకు నిజమే. కాని భూమి పోయిన రైతుకు వడ్డీ రేటు పట్టిక చూపి ఏం లాభం?

ఇక పుస్తకాల సంగతి. విమర్శకుడిగా నన్ను ఎక్కువ కలవరపెట్టేది ఇదే. చెట్టియార్ల గురించి చదవదలచినవాడికి కొరత లేదు. విచారణ సంఘం సంపుటాలున్నాయి. 1994లో డేవిడ్ రడ్నర్ వారి కులవ్యవస్థనూ పెట్టుబడినీ కలిపి ఒక పెద్ద గ్రంథమే రాశాడు. వారి లెక్కల పుస్తకాలున్నాయి, గుడి శాసనాలున్నాయి, చివరికి మేడలే సాక్ష్యం. కోరంగి గురించి? 1933లో ఆండ్రూ అనే అధికారి రంగూనులోని భారతీయ శ్రామికుల మీద రాసిన పుస్తకం ముఖ్యమైన ఆధారం. మేస్త్రీ పద్ధతి గురించి అతడు రాసిన పుటలకు ఇప్పటికీ విలువ ఉంది. కాని అది అధికారి కన్ను. కూలీ ఎన్ని బస్తాలు మోశాడో అతడు చూస్తాడు, ఇంటికి ఏమని కబురుపెట్టాడో చూడడు. చెట్టియారు తన లెక్క తానే రాసుకున్నాడు. కోరంగి లెక్క మేస్త్రీ రాశాడు, ఆ తర్వాత దొర రాశాడు.

సాహిత్యంలోనూ ఈ తేడా కనిపిస్తుంది. 1942లో బర్మా నుంచి నడిచివచ్చిన అనుభవాన్ని వె. సామినాథ శర్మ తమిళంలో గ్రంథస్థం చేశాడు. రంగూనులో ‘జ్యోతి’ పత్రిక నడిపిన సంపాదకుడు గనక అడవిలో నడుస్తున్నా చూపు, మాట రెండూ అతనితో ఉన్నాయి. ప. సింగారం తన నవలలో మెడాన్, పినాంగుల వడ్డీకొట్లను ఎంత నిక్కచ్చిగా చూపాడంటే, ఆ లోకాన్ని పొగుడుతున్నాడో ఎగతాళి చేస్తున్నాడో చెప్పడం కష్టం. ఆ దారిన నడిచినవాళ్లలో మన కూలీలు వేలల్లో ఉన్నారు. వాళ్లు నడిచారు, రాయలేదు. రాయగలిగిన తెలుగువాళ్లు తమ రేవుల్లో ఓడెక్కిన ఈ జనాన్ని గురించి రాసింది, ఆ జనసంఖ్యతో పోలిస్తే, బహు స్వల్పం. రంగం మన సామెతల్లోకి, ఊతపదాల్లోకి, పల్లెపాటల్లోకి ఎక్కినంతగా మన గ్రంథాలయాల్లోకి ఎక్కలేదు.

ఇంకొక చేదు మాట కూడా చెప్పాలి. తెలుగువాళ్లకు ఐకమత్యం లేకపోవడం వల్ల కూలీలు నష్టపోయారన్న వాదం వినడానికి బాగానే ఉంటుంది. కాని మేస్త్రీ ఎవడు? తెలుగువాడే. ఊరివాడు, చాలాసార్లు చుట్టం కూడా. ‘బాబూ, అన్నా’ అని పిలిపించుకుంటూ కూలీలోంచి తన పాలు కోసుకున్నవాడు అతడే. భాష కలిసినంత మాత్రాన లెక్క కలవదు. చెట్టియార్ల కట్టుబాటు గొప్పదనేవారు కూడా, ఆ కట్టుబాటు చెట్టియారుకీ చెట్టియారుకీ మధ్యనే అని మరిచిపోతారు; డెల్టాలోని తమిళ కూలీకి అందులో చోటు లేదు. తెలుగు మేస్త్రీ దగ్గర తెలుగు కూలీకి చోటు ఉంది, పుస్తకంలో బాకీదారుగా.

1941 డిసెంబరు 23న జపాను విమానాలు రంగూను మీద మొదటిసారి బాంబులు వేశాయి. ఇద్దరి ఫలితాలనూ పోల్చవలసిన అసలు చోటు ఇది. చెట్టియార్లలో తెలివైనవారు అప్పటికే కొంత పెట్టుబడి ఇటు తరలించారు. 1937 ఫిబ్రవరిలో ఎం.సి.టి.ఎం. చిదంబరం చెట్టియార్ స్థాపించిన ఇండియన్ ఓవర్సీస్ బ్యాంకు ఒకేరోజున కారైక్కుడి, మద్రాసు, రంగూనుల్లో తలుపులు తెరిచింది; కాలు ఎక్కడెక్కడ పెట్టాలో వారికి తెలుసు. 1900లో మౌల్మేన్‌లో మొదలైన మురుగప్ప సంస్థ యుద్ధానికి ముందే ఇక్కడికి మళ్లింది. భూములు మాత్రం ఓడ ఎక్కవు గదా. 1948 భూ జాతీయీకరణ చట్టంతో అవి పోయాయి. నష్టం కోట్లలో. అయినా ఇక్కడ మళ్లీ నిలబడటానికి వారికి మిల్లులున్నాయి, బ్యాంకులున్నాయి, 1929లో వెలసిన అణ్ణామలై విశ్వవిద్యాలయం ఉంది.

కోరంగిని ఆ డిసెంబరులో రేవు ఒదలనివ్వలేదు. బాంబులు పడగానే కూలీలు ప్రోమ్ దారి పట్టారు. వాళ్లు పోతే ఓడల్లో సరుకు దింపేవాడు ఉండడని సర్కారు చాలామందిని వెనక్కి తిప్పింది. వాళ్ల భుజం ఎంత విలువైనదో సర్కారుకు ఆ వారంలో తెలిసివచ్చింది. కొద్ది వారాల తర్వాత రంగూనే పడిపోయింది. అప్పుడు కొండదారులూ అడవిదారులూ పట్టి అరకాన్ వైపు, మణిపూర్ వైపు నాలుగైదు లక్షలమంది భారతీయులు నడిచారు. కలరాతో, ఆకలితో దారిలో పడిపోయినవారు వేలకు వేలు. దొరలకు వేరే దారి, వేరే మకాం ఉండేవని అప్పుడే గగ్గోలు పుట్టింది. డబ్బున్నవాడు అంతకుముందే ఓడలోనో విమానంలోనో దాటాడు. వాళ్లకూ వీళ్లకూ తేడా తెచ్చింది స్వభావమా, టిక్కెట్టు ధరా?

యుద్ధం తర్వాత కొందరు తెలుగువాళ్లు తిరిగి వెళ్లారు. కొందరు అసలు కదలనే లేదు. 1962లో నేవిన్ అధికారానికి వచ్చాక, 1964లో దుకాణాలు జాతీయం చేసి పెద్దనోట్లు రద్దు చేశాక, లక్షన్నరకు పైగా భారతీయులు మళ్లీ ఓడలెక్కారు. ఈసారి వచ్చినవారిలో ఎక్కువమంది చిన్న దుకాణదారులు, కూలీల బిడ్డలు, మనుమలు. మద్రాసులో బర్మా బజారు వాళ్లదే; కాందిశీకుల కోసం 1969లో అక్కడ రెప్కో బ్యాంకు పెట్టారు. విశాఖపట్నంలో కంచరపాలెం దగ్గర బర్మా క్యాంపు వెలిసింది. తాత ఓడ ఎక్కిన ఒడ్డునే మనుమడు కాందిశీకుడిగా దిగాడు. తెలుగు మాట్లాడతాడు, బర్మా అక్షరాలు చదువుతాడు.

మౌల్మేన్ చుట్టుపక్కల పల్లెల్లో ఇప్పటికీ తెలుగు కుటుంబాలున్నాయి. మేడా లేదు, క్యాంపూ లేదు. మన సభల్లో చెప్పే పోలికలో వాళ్లను ఏ పక్కన రాయాలో ఎవరూ చెప్పడం లేదు.